క్రీడారంగమున సింహళ దుబాసి

కొండగట్టు దిగువ పల్లెలలో బాలురు చెడుగుడు ఆడుదురు. ఆ ఆటకే సింహళమున ‘గుడు’ అని పేరు. పేర్లు ఇంత సన్నిహితములైనను, సింహళ క్రీడాకారు డొకడు మన ప్రాంతమునకు ఆడవచ్చినచో, అతని మాటను నిర్ణేతలకు ఆంగ్లమున అందింపగల దుబాసి దొరకుట సులభము కాదు. అట్టివానిని ఎట్లు వెదకవలెనో, ఎట్లు పరీక్షింపవలెనో ఇచట సంగ్రహముగా వివరింపబడును.

మొదట ఆటగాని మాతృభాష యేదో తెలిసికొనవలెను. శ్రీలంకలో సింహళము, తమిళము రెండును అధికారభాషలు; ఆంగ్లము అనుసంధానభాష. అచటినుండి వచ్చినవారందరును సింహళీయులు కారు. ముత్తయ్య మురళీధరన్ తమిళుడు. 2011, 2012 సంవత్సరములలో హైదరాబాదు డెక్కన్ ఛార్జర్స్ జట్టునకు నాయకుడైన కుమార సంగక్కర సింహళీయుడే. కాని 2011లో లండనులోని లార్డ్స్ మైదానమున ఆంగ్లమున ఉపన్యసించి ప్రశంస లందిన వక్త. అట్టి ఆంగ్లపాండిత్యము అందరు ఆటగాండ్రకును ఉండదు.

రెండవది పరిభాష. క్రికెట్టులోని వికెట్టును సింహళమున ‘కడుల్ల’ అందురు. కంచెలో దారి విడిచి అడ్డుకర్రలు పెట్టిన ప్రవేశమునకు అది పాతపేరు. వికెట్టు పడుటను చెప్పుటకు ‘కాలుట’ అను అర్థముగల క్రియను వాడుదురు. ‘లకుణు’ అను మాట పరుగులకును, పరీక్షలలోని మార్కులకును సమానము. ఆట ఎరుగని పండితుడు దీనిని ‘మూడు ద్వారములు కాలెను, నూరు మార్కులు వచ్చెను’ అని అనువదింపవచ్చును. కావున నిఘంటుజ్ఞానము చాలదు. మాజీ ఆటగాండ్రను, నిర్ణేతలను, క్రీడావిలేఖరులను మొదట విచారించి, వారు దొరకనపుడే న్యాయస్థానములలో ప్రమాణముచేసిన అనువాదకులను ఆశ్రయింపవలెను.

మూడవది వాక్యనిర్మాణము. తెలుగున వలెనే వ్యావహారిక సింహళమునను క్రియయు, నిషేధపదమును వాక్యాంతమున వచ్చును. ఆంగ్లమున నిషేధము ముందే రావలెను. ‘ఆ మందు నేను తీసికొనలేదు’ అను వాక్యమున చివరిమాట వినకముందే దుబాసి తొందరపడినచో నిరాకరణము అంగీకారముగా మారును. ఇది వట్టి వ్యాకరణచర్చ కాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమముల ప్రకారము, పరీక్షాసమయమున లభ్యమైనచో దుబాసి సహాయము పొందు హక్కు క్రీడాకారునికి కలదు. అట్టి సందర్భమున ఒక్కమాట తప్పినచో అతని క్రీడాజీవితమే ముగియవచ్చును.

పరీక్షించు విధానము సులభమైనది. అర్ధపుటమంత ఆటవృత్తాంతమును, నిషేధవాక్యములు గల వాఙ్మూల మొకదానిని సింహళమున వినిపించి ఆంగ్లమున చెప్పింపవలెను. ఆ ఆంగ్లమును రెండవవానిచే మరల సింహళమునకు త్రిప్పించి మూలముతో పోల్చవలెను. విచారణలలో మాత్రము, ఎంత సమర్థుడైనను, జట్టునకు సంబంధించినవానిని దుబాసిగా నియమింపరాదు.