వీధి మొత్తాన్ని కాపాడటం ఎలా?

పాత కోటను కాపాడటం ఎలాగో మీకు తెలుసు. చుట్టూ కంచె వేస్తారు, బోర్డు పెడతారు, కాపలా మనిషిని ఉంచుతారు. ఇందుకోసం మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ఉంది. మరి జనం కాపురముంటున్న పాత వీధిని కాపాడాలంటే? ఇంటి చుట్టూ కంచె వేస్తే పొయ్యి ఎక్కడ వెలిగించుకుంటారు?

రాయి, మట్టి, సున్నం

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల అనగానే నాపరాళ్లు గుర్తుకొస్తాయి. మీ బడిలో పరచిన బండలు అక్కడివే కావచ్చు. కోట్లాది సంవత్సరాల క్రితం సముద్రం అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి ఈ సున్నపురాయి ఏర్పడింది. అందుకే అది పొరల వెంబడి పలకలుగా చీలుతుంది.

రాయలసీమ పాత ఇళ్లలో గోడలు రాతివి, పైన మట్టి మిద్దె. మందమైన రాతిగోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది. మిద్దెపై చవుడు పోస్తారు. చవుడులో సోడియం లవణాలు ఎక్కువ. అది తడవగానే అందులోని బంకమట్టి ఉబ్బి, సందులు మూసుకుపోతాయి. వాన నీరు లోపలికి దిగదు.

ఇలాంటి ఇంటికి సిమెంటు పూత పూస్తే ఏమవుతుంది? నేలలోని తేమ గోడలోకి పాకుతుంది. సున్నపు పూత ఆ తేమను గాలిలోకి వదులుతుంది, సిమెంటు వదలదు. తేమతోపాటు వచ్చిన లవణాలు పూత వెనుకే స్ఫటికాలై, రాతిని పెచ్చులుగా ఊడగొడతాయి. అంటే, మంచి మనసుతో చేసిన మరమ్మతు కూడా ఇంటిని పాడుచేయగలదన్నమాట!

పటం మీద ఒక గీత

అందుకే కొన్ని దేశాలు ఒక ఉపాయం కనిపెట్టాయి. పాత వీధుల చుట్టూ పటం మీద గీత గీసి, దాన్ని 'పరిరక్షణ ప్రాంతం'గా ప్రకటిస్తాయి. అమెరికాలోని చార్లెస్టన్ నగరం 1931లోనే ఈ పని చేసింది. అక్కడ ఇంటి వెలుపలి రూపు మార్చాలంటే ఒక సంఘం అనుమతి తీసుకోవాలి. లోపల స్నానాల గది కట్టుకున్నా, కరెంటు తీగలు మార్చుకున్నా ఆ సంఘం అడ్డుపడదు. ఇంగ్లండులో 1967 చట్టంతో మొదలైన ఇలాంటి ప్రాంతాలు నేడు పదివేలకు దగ్గరగా ఉన్నాయి.

మన హైదరాబాదులో 1995లో ఇలాంటి నిబంధన వచ్చింది. సుమారు 150 కట్టడాలతో పాటు, 9 చోట్ల సహజమైన బండరాళ్ల గుట్టలు కూడా జాబితాలో చేరాయి. కానీ 2015లో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ కొత్త వారసత్వ చట్టం చేసింది. కాగితం మీద గీసిన గీతను చెరపటం తేలికేనని దీన్నిబట్టి తెలుస్తోంది కదూ?

ఖర్చు ఎవరిది?

ఇక్కడొక చిక్కుంది. "మా మిద్దె కూల్చి మూడంతస్తులు కట్టుకుంటాం, వద్దనడానికి మీరెవరు?" అని ఇంటివారు అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. వీధి అందం అందరిదైనప్పుడు ఖర్చు ఒక్కరి నెత్తిన పడకూడదు. అందుకే కొన్నిచోట్ల పన్ను తగ్గిస్తారు, మరమ్మతుకు సాయం చేస్తారు. ఇంటివారు ఇష్టపడి ఒప్పుకోకపోతే ఏ గీతా నిలవదు.

మీరూ చేసి చూడండి

మీ ఊళ్లో ఒక పాత వీధిని ఎంచుకోండి. ఇంటివారిని అడిగి, ప్రతి ఇంటికీ నాలుగు విషయాలు రాయండి: గోడ దేనితో కట్టారు, కప్పు ఏమిటి, ఎప్పుడు కట్టారు, ఏది పాడైంది. ఎండాకాలంలో మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 8 గంటలకు రాతి ఇంట్లోనూ రేకుల ఇంట్లోనూ ఉష్ణోగ్రత చూసి పోల్చండి. చివరగా ఇంటివారికి ఏ ఇబ్బందులున్నాయో కూడా రాసుకోండి. పరిరక్షణ ప్రాంతానికి ఇలాంటి జాబితా మంచి ఆరంభం అవుతుంది.