తేలిక ట్రెయిలే... రెయిలింగ్ దాటనంత వరకూ!

‘శనివారం ఖాళీయేగా? జలపాతం దాకా నడిచొద్దాం. రానూపోనూ రెండున్నర కిలోమీటర్లే’ అన్నాడు మా రూమ్మేట్. నాకు నవ్వొచ్చింది. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో నేను నడిచిన పెద్ద దూరం హాస్టల్ నుంచి మెస్‌కి! ఎంఎస్ పూర్తయి అమెరికాలోని సియాటెల్‌లో ఉద్యోగంలో చేరాక అదీ పోయింది. పొద్దున లేస్తే స్క్రీన్, పడుకునేదాకా స్క్రీన్. రెండున్నర కిలోమీటర్లే కదా అని బయల్దేరా.

ఆ రోజు చూసిన అడవిని మర్చిపోలేను. అదే సాయంత్రం ఆస్పత్రి ఎమర్జెన్సీలో కూర్చున్న గంటల్నీ మర్చిపోలేను. రెండూ చెబుతా. ఎందుకంటే సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ చుట్టుపక్కల చదువులకీ, ఉద్యోగాలకీ వచ్చే మనవాళ్లు చాలామందే. వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక వీకెండ్ ఈ దారి పట్టేవాళ్లే.

హైదరాబాద్‌కి నాలుగింతల వాన

వర్షారణ్యం అనగానే మనకు అమెజాన్, ఉక్కపోత గుర్తొస్తాయి. ఇక్కడిది చల్లని వర్షారణ్యం. వాషింగ్టన్ రాష్ట్రానికి పడమటి అంచున, పసిఫిక్ తీరంలో ఉంది ఒలింపిక్ నేషనల్ పార్క్. 1938లో జాతీయ పార్కు అయింది. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

సముద్రం మీదుగా తేమ నిండిన గాలులు వస్తాయి. ఒలింపిక్ పర్వతాలు అడ్డుపడటంతో పైకి లేస్తాయి, చల్లబడతాయి, వానై కురుస్తాయి. పడమటి వైపున్న హో లోయలో ఏడాదికి సుమారు 140 అంగుళాలు, అంటే 3,500 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. హైదరాబాద్ సగటు 800 మిల్లీమీటర్లే. తమాషా ఏంటంటే, అదే కొండలకి అవతల, ఈశాన్యంగా ఉన్న సెక్విమ్ అనే ఊళ్లో హైదరాబాద్‌లో పడే వానలో సగమే పడుతుంది. బళ్లో చదివిన వర్షచ్ఛాయా ప్రాంతం పాఠాన్ని ఒక్కరోజు డ్రైవ్‌లో కళ్లారా చూడొచ్చు.

ఇంత వాన పడితే అడవి ఎలా ఉంటుంది? సిట్కా స్ప్రూస్, హెమ్లాక్, రెడ్ సెడార్ చెట్లు తలెత్తినా కొస కనిపించనంత ఎత్తు పెరుగుతాయి. మేపుల్ కొమ్మల నుంచి నాచు తెరల్లా వేలాడుతుంది. కూలిన మాను మీదే గింజలు పడి కొత్త మొక్కలు వరసగా మొలుస్తాయి. వీటిని ‘నర్స్ లాగ్’ అంటారు. పడిపోయిన చెట్టు పిల్లల్ని సాకినట్టన్నమాట. కొన్నేళ్లకు ఆ మాను పూర్తిగా చివికిపోతే, దాని మీద పెరిగిన చెట్లు గాల్లో కాళ్లు పెట్టి నిలబడినట్టు కనిపిస్తాయి.

తొలిసారి వెళ్లేవాళ్లకి ఈ నాలుగు

సియాటెల్ నుంచి కారుతో సహా ఫెర్రీ ఎక్కితే 35 నిమిషాల్లో బెయిన్‌బ్రిడ్జ్ దీవి. అక్కణ్నుంచి రోడ్డు మీద పోర్ట్ ఏంజెలెస్ వెళ్లాలి. పార్కు ఉత్తర భాగానికి అదే ముఖద్వారం. దారులు ఇవీ...

మేడిసన్ జలపాతం: పోర్ట్ ఏంజెలెస్ దగ్గర, ఎల్వా లోయలో ఉంది. కారు దిగి చదునైన దారిలో ఐదు నిమిషాలు నడిస్తే చాలు. వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే ముందు ఇక్కడికే తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులన్న అమ్మ కూడా ‘ఇంకాసేపు ఉందాం’ అంటుంది.

మేరీమియర్ జలపాతం: లేక్ క్రెసెంట్ అనే నీలాల సరస్సు పక్కన మొదలవుతుంది. రానూపోనూ 2.9 కిలోమీటర్లు. చాలావరకు చదునే. పెద్ద చెట్ల మధ్య నడిచి, వాగుల మీద వంతెనలు దాటాక చివర్లో మెట్ల దారి వస్తుంది. కాస్త ఆయాసపడి ఎక్కితే ఎదురుగా సుమారు 90 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు సన్నటి ధారగా జారుతుంటాయి.

సోల్ డక్ జలపాతం: రూమ్మేట్ చెప్పింది దీని గురించే. రానూపోనూ 2.6 కిలోమీటర్లు. ఎత్తు 50 అడుగులకు లోపే, కానీ తీరు వేరు. నది అడ్డంగా తిరిగి, మూడు నాలుగు పాయలుగా చీలి, ఇరుకైన రాతి చీలికలోకి దూకుతుంది. పైన వంతెన మీద నిలబడితే తుంపర మొహానికి కొడుతుంది. చలికాలంలో ఇక్కడికెళ్లే రోడ్డును మూసేస్తుంటారు.

హాల్ ఆఫ్ మోసెస్: ఇది హో వర్షారణ్యంలో 1.3 కిలోమీటర్ల చుట్టుదారి. జలపాతం ఉండదు, కానీ నాచు అందాలకి ఇదే రాజధాని. పక్కనే 1.9 కిలోమీటర్ల స్ప్రూస్ ట్రెయిల్ కూడా ఉంది. ఓపికుంటే హో నది వెంట నాలుగు కిలోమీటర్లకు పైగా నడిచి మినరల్ క్రీక్ జలపాతం చూడొచ్చు. ‘ట్విలైట్’ నవలల్లోని ఫోర్క్స్ ఊరు ఈ దారిలోనే తగులుతుంది. వేసవి వీకెండ్లలో గేటు దగ్గర కార్ల క్యూ ఎక్కువ. పొద్దున్నే చేరుకోవాలి.

ఒక్క రీల్ కోసం...

మేం వెళ్లింది మే నెలలో. కొండల మీద మంచు కరుగుతూ నది ఉరకలేస్తోంది. మేరీమియర్ చూసి, కారు పక్కన పులిహోర తిని, మధ్యాహ్నానికి సోల్ డక్ చేరాం. వంతెన మీద ఫొటోలయ్యాయి. ‘ఇక్కణ్నుంచి అందరూ తీసేదే. ఆ రాయి మీద నుంచైతే రీల్ అదిరిపోద్ది’ అన్నాడు రూమ్మేట్. నేను వద్దనలేదు. ఇది ఒప్పుకోవాలి. వద్దనకపోగా, ఫోన్ పట్టుకుని రెడీ అయ్యా.

రెయిలింగ్ దాటి నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకి కాలు జారింది. అదృష్టం బాగుండి నది వైపు కాకుండా ఇటు పడ్డాడు. చెయ్యి ఆనించడంతో మణికట్టు దగ్గర ఎముక విరిగింది. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. చేతికి నా జాకెట్ కట్టి, అదే ‘తేలిక’ దారిలో నడిపించుకొచ్చా. వెళ్లేటప్పుడు అరగంట పట్టింది, వచ్చేటప్పుడు గంట దాటింది. ఆస్పత్రి చేరడానికి మరో గంట డ్రైవ్.

అప్పటికి వాడు ఎంఎస్ చివరి సెమిస్టర్. కుడిచేతికి ఆరు వారాలు కట్టు. ఆ నెలలోనే రెండు కోడింగ్ ఇంటర్వ్యూలు. ఎడమ చేత్తో టైప్ చేస్తూ మొదటి దాంట్లో టైమ్‌కి పూర్తి చేయలేకపోయాడు. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాం. బిల్లొచ్చాక తెలిసింది, డిడక్టబుల్ కింద మొదట కొంత మొత్తం మన జేబులోంచే పెట్టాలని. అది వాడి రెండు నెలల గ్రాసరీ కంటే ఎక్కువ.

‘ఈజీ’ అంటే ఏంటి?

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. యాప్‌లో ట్రెయిల్ పక్కన ‘ఈజీ’ అని ఉంటే, అది దూరానికీ, ఎత్తుకీ ఇచ్చిన మార్కు. నీటికి, రాళ్లకి ఇచ్చింది కాదు. పైగా ఆ మార్కు దారి మీద నడిచేవాళ్లకే వర్తిస్తుంది. జలపాతం పక్క రాళ్లు తుంపరకి రోజంతా తడుస్తూనే ఉంటాయి. వాటి మీద కంటికి కనిపించనంత పల్చగా పాకుడు పడుతుంది. ఎంత ఖరీదైన షూ అయినా జారుతుంది. నీళ్లలో పడితే ఇంకా ప్రమాదం. మంచు కరిగిన నీళ్లు కావడంతో ఒక్కసారిగా ఊపిరి అదుపు తప్పుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా మునిగిపోయేది అందుకే.

రెయిలింగ్ దాటకూడదనడానికి ఇంకో కారణమూ ఉంది. అక్కడ నేలంతా నాచు, ఫెర్న్‌లే. మనం పది సెకన్లలో తొక్కేసింది మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

బయల్దేరే ముందు...

- పార్కు అధికారిక వెబ్‌సైట్‌లో ఆ రోజు రోడ్ల పరిస్థితి, ప్రవేశ రుసుము చూడండి. 2024 డిసెంబరులో వరదకి హో రోడ్డు కొట్టుకుపోయి, మళ్లీ 2025 మేలో గానీ తెరవలేదు. ముందు చూసుకోకుంటే నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెనక్కి రావాల్సిందే.

- ఇంట్లో వైఫై ఉన్నప్పుడే మ్యాప్‌లు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో పార్కు మొత్తం సమాచారాన్ని ఇలా సేవ్ చేసుకోవచ్చు. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో సిగ్నల్ లేకున్నా ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ సందేశం పంపే సదుపాయం ఉంది. ఎలా వాడాలో ముందే నేర్చుకోండి. మా దగ్గర అలాంటి ఫోన్ ఉంది, వాడటమే తెలియదు!

- జీన్స్ వద్దు. కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. రెయిన్ జాకెట్, పట్టున్న షూ, ఒక జత పొడి సాక్సులు చాలు.

- ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఊళ్లో ఉన్న ఒకరికి చెప్పండి.

- రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే భారీ దుప్పులు గుంపులుగా ఎదురవుతాయి. కనీసం 50 గజాల దూరం ఉండాలి. తిండి పెట్టొద్దు, వదిలేసి రావొద్దు. వాగు నీళ్లు అలాగే తాగొద్దు.

- ఇన్సూరెన్స్ కాగితాలు ఒక్కసారైనా చదవండి. డిడక్టబుల్ ఎంత, ఎమర్జెన్సీకి ఎంత కట్టాలి, ఏ ఆస్పత్రులు నెట్‌వర్క్‌లో ఉన్నాయి... ఈ మూడూ ఫోన్‌లో నోట్ చేసుకోండి. అమ్మానాన్నలు వస్తే వాళ్ల విజిటర్ పాలసీ విషయంలోనూ ఇంతే.

మళ్లీ వెళ్లాం

కట్టు విప్పాక మా రూమ్మేట్‌కి ఇంకో ఇంటర్వ్యూ వచ్చింది. ఈసారి రెండు చేతులతో టైప్ చేశాడు, ఉద్యోగం కొట్టాడు. అక్టోబరులో ఇద్దరం మళ్లీ సోల్ డక్ వెళ్లాం. వానలు అప్పుడే మొదలయ్యాయి, దారిలో మేపుల్ ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. వంతెన మీద ఓ కుర్రాళ్ల గుంపు కనిపించింది. అందులో ఒకడు రెయిలింగ్ మీద కాలు పెట్టబోతుంటే మావాడే వెళ్లి, మణికట్టు మీద ఆపరేషన్ మచ్చ చూపించి ఏదో చెప్పాడు. ఆ అబ్బాయి కాలు దించేశాడు.

తర్వాత వంతెన మీదే నిలబడి ఒక ఫొటో తీయమన్నాడు. అందరూ తీసే ఫొటోనే. ఇప్పటికీ వాడి డీపీ అదే.