రిడండెంట్ డేటా బస్

గగన్‌యాన్ వార్తల్లో తరచూ కనిపిస్తున్న మాట ‘రిడండెన్సీ’. వ్యోమనౌకలో కంప్యూటర్లు, సెన్సర్ల మధ్య సమాచారం మోసే తీగల మార్గమే డేటా బస్. ఒకటి చెడినా పని ఆగకుండా దాన్ని జంటగా వేస్తే రిడండెంట్ బస్.

ఇస్రో రాకెట్లలోనూ వాడే 1553బి డేటా బస్ ప్రమాణం 1970లలో అమెరికా సైనిక విమానాల కోసం పుట్టింది. వేగం సెకనుకు 10 లక్షల బిట్లే. ఇంట్లో వైఫై ముందు నత్తనడక. కానీ క్రమశిక్షణ గట్టిది. కంట్రోలర్ అడిగితేనే పరికరాలు బదులిస్తాయి. అలాంటివి 31 దాకా ఉండొచ్చు. ‘ఎ’ మార్గంలో జవాబు రాకపోతే కంట్రోలర్ ‘బి’ మార్గంలో మళ్లీ అడుగుతుంది. ఒకే దెబ్బకు రెండూ తెగకుండా మార్గాలను దూరదూరంగా వేయడం మంచి డిజైన్.

జంట ఉన్నంత మాత్రాన ధీమా పనికిరాదు. 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్ తొలి ప్రయోగంలో రెండు దిశానిర్దేశక యూనిట్లకూ ఒకే సాఫ్ట్‌వేర్. ఒకే లోపంతో రెండూ చేతులెత్తేశాయి, ముందు ఆగింది బ్యాకప్పే!

మనకెందుకంటారా? ఉపగ్రహంలో ఏదైనా చెడితే కక్ష్యలోకి మెకానిక్‌ను పంపలేం. ఉదాహరణకు, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ ఒక వాతావరణ ఉపగ్రహం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రైతులకు అందే వాన కబురుకు అలాంటి ఉపగ్రహాల చిత్రాలూ ఒక ఆధారం.