ముంగిట బిళ్ళగన్నేరు

ఇంటి ముందర నాలుగు మూరల నేల యున్నచో దానిని పూలతో నింపవలెనను కోరిక ఎవరికైనను సహజముగా కలుగును. కాని గులాబికి ఎరువు, చామంతికి ఋతువు, మల్లెకు నీరు, ఇట్లు ఒక్కొక్క మొక్క ఒక్కొక్క ఉపచారమును కోరును. చైత్రము దాటి ఎండలు ముదిరినంతనే బావులు అడుగంటును. కుళాయి నీరు వంటకే చాలీచాలకుండును. అట్టి దినములలో కూడ పూచుట మానక, తన నీడతో నేలను కప్పి మట్టి తడిని కాపాడు చిన్న పొద యొకటి కలదు. అదియే బిళ్ళగన్నేరు. దీనిని నాటుట యెట్లు, పోషించుట యెట్లు, దీని యెడల ఏ విషయమున జాగ్రత్త వహింపవలెను అను మూడు సంగతులను ఇచ్చట వివరింతును.

బిళ్ళగన్నేరు, పేరును బట్టియే తెలియునట్లు, గన్నేరు కుటుంబమునకు చెందినది. నందివర్ధనము, సర్పగంధి దీని చుట్టములు. సాధారణముగా అడుగు మొదలు రెండడుగుల ఎత్తు వరకు పెరుగును. మొదలు కర్రబారినను కొమ్మలు మెత్తగానే యుండును. నున్నని పచ్చని ఆకులు జంటజంటలుగా, నడుమ తెల్లని ఈనెతో నుండును. సన్నని గొట్టము చివర ఐదు రేకులు నాణెపు బిళ్ళవలె చదునుగా విచ్చుకొనును. ఊదా కలిసిన గులాబిరంగు పూలు, తెల్లని పూలు, నడుమ ఎర్రబొట్టు గల తెల్లపూలు మన యిండ్లలో తరచుగా కనబడును. నేలబారుగా ప్రాకెడు రకములును నేడు మొక్కల అంగళ్ళలో లభించుచున్నవి; నేలను కప్పుటకు అవి మరింత అనువైనవి.

ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికా తూర్పు తీరమునకు ఆవల నున్న మడగాస్కర్ ద్వీపము. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1759లో దీనికి వింకా రోజియా అని పేరిడెను. అటుపిమ్మట దీనిని వేరొక ప్రజాతిగా గుర్తించి కాథరాంథస్ రోజియస్ అనిరి. గ్రీకు భాషలో ఆ మాటకు స్వచ్ఛమైన పూవు అని యర్థము. హిందీవారు దీనిని సదాబహార్ అందురు. తమిళులు నిత్యకల్యాణి అనియు, శ్మశానపు మల్లె అను అర్థము వచ్చునట్లు సుడుగాట్టు మల్లి అనియు పిలుతురు. నీరు పోయు దిక్కు లేని చోట కూడ నిత్యము పూచు మొక్కకు ఈ రెండు పేర్లును చెల్లినవే.

ఇక నాటు విధానము. ఏప్రిల్ నెలలో నారు పోసి, జూనులో తొలకరి పడగానే నాటుట మేలు. విత్తులు నల్లగా, మిక్కిలి చిన్నవిగా నుండును. జంటగా కాసిన సన్నని కాయలు పచ్చదనము తగ్గి పసుపు వన్నెకు తిరిగినప్పుడే కోసి, కాగితపు సంచిలో ఉంచి ఆరనీయవలెను. ఆలసించినచో కాయ పగిలి విత్తు నేలపాలగును. నిలువయున్న విత్తుకంటె కొత్త విత్తు బాగుగా మొలచును. విత్తును ఇసుకతో కలిపి, వెడల్పు మూతి గల కుండీలో పలుచగా చల్లి, పైన సన్నని ఇసుక కప్పవలెను. ఈ విత్తునకు మొలకెత్తు వరకు చీకటి యవసరము. కనుక తడిపిన గోనెపట్టాను పైన పరచి, సుమారు పది దినములకు మొలకలు తల యెత్తగానే దానిని తప్పక తీసివేయవలెను. తీయుటలో జాప్యమైనచో మొలకలు పాలిపోయి సాగిపోవును. అంగడిలో కొన్న సంకర రకముల విత్తు మరుసటి తరమున తల్లి రంగును నిలుపుకొనకపోవచ్చును. అదే రంగు కావలెనన్నచో లేత కొమ్మలను జానెడేసి కత్తిరించి, తడియిసుకలో నాటి వేరు తెప్పింపవచ్చును.

నేల విషయమున ఈ మొక్కకు పట్టింపు తక్కువ. ఎర్రచెలక, సముద్రతీరపు ఇసుకనేల, గరపనేల అన్నియు దానికి సమ్మతమే. నీరు నిలుచు నేల మాత్రము గిట్టదు. కృష్ణా, గుంటూరు ప్రాంతములందలి నల్లరేగడిలో నాటువారు మడిని చుట్టునేలకంటె జానెడు ఎత్తుగా చేసి, మట్టిలో ఇసుకను, బాగుగా చివికిన పశువుల ఎరువును కలుపవలెను. దినమునకు ఆరు గంటలైనను ఎండ తగులు చోటు కావలెను. నీడలో ఆకు పెరుగునే కాని పూవు రాదు. ఎరువు అధికమైనను అంతే.

నేలను కప్పవలెనన్న ఉద్దేశము గలవారు మొక్కకు మొక్కకు అడుగు దూరముంచి నాటుదురు గాక. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల మడికి 40 మొక్కలు చాలును. నాలుగైదు అంగుళములు ఎదుగగానే కొన చిగురును గోటితో గిల్లివేసినచో ప్రక్కకొమ్మలు బయలుదేరి, రెండు మూడు నెలలలో మొక్కలు ఒకదానితో నొకటి కలిసిపోవును. ఆ పిమ్మట కలుపు తనంతట తానే తగ్గును. ఏడాదికొకసారి వానలు వెనుదీసిన పిదప మూడవ వంతు కొమ్మలను కత్తిరించినచో మరల గుబురుగా ఎదుగును. రాలిన విత్తులచే మొలచు పిల్లమొక్కలలో కావలసినవి ఉంచి, తక్కినవి పెరికివేయవలెను.

ఈ మొక్కను చంపునది ఎండ కాదు, మనము అతిగా పోయు నీరు. వేళ్ళకు గాలి యాడక, తడి మట్టిలో పెరుగు ఒకవిధమైన కుళ్ళుతెగులు వేరును, మొదలును పట్టును. ఈ తెగులు బీజములు నీటిలో ఈదగలవు. అందుచేత నీరు నిలిచిన మడిలో ఒక మొక్కనుండి మరొక మొక్కకు త్వరగా ప్రాకును. తడి నేలలో నుండియే ఆకులు వాడి వ్రేలాడుట దీని గుర్తు. వాడినది గదాయని మరికొంత నీరు పోసినచో మొక్క చచ్చును. ముందుగా మట్టిని వ్రేలితో తడిమి చూడవలెను. నాటుకొన్న మొక్కకు వేసవిలో నాలుగైదు దినములకొకసారి, ఉదయమున, ఆకులపై చల్లక మొదట పోసిన చాలును. వానకాలమున అసలే పోయనక్కరలేదు.

మరొక తెగులు విచిత్రమైనది. పూవు రేకులు తమ రంగు విడిచి ఆకుపచ్చగా మారి, చిన్న ఆకులవలె అగును. చెట్టంతయు చీపురువలె గుబురెక్కును. రసము పీల్చు చిన్న పురుగులు దీనిని మొక్కనుండి మొక్కకు చేరవేయును. దీనికి ఇంటి చికిత్స లేదు. అట్టి మొక్కను వెంటనే పెరికి కాల్చివేయవలెను. దాని కొమ్మలను నాటుటకు వాడరాదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. బిళ్ళగన్నేరు ఆకు నమలినచో మధుమేహము తగ్గునను నమ్మకము మన పల్లెలలోను, పట్టణములలోను కలదు. ఈ నమ్మకము మనకే పరిమితము కాదు. జమైకా ద్వీపమునందును ఈ ఆకుల కషాయమును అందుకే త్రాగుచుండిరి. అక్కడినుండి వచ్చిన ఆకులను 1950వ దశాబ్దమున కెనడా దేశమున రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చిన కషాయము రక్తములోని చక్కెరపై చెప్పుకోదగిన ప్రభావమును చూపలేదు. సూదిమందుగా ఇచ్చినప్పుడు మాత్రము ఎలుకలు కొలది దినములలోనే అంటురోగములతో మరణించెను. కారణమును వెదకగా, వాటి ఎముకల మూలుగ క్షీణించి, రోగములతో పోరాడు తెల్లరక్తకణములు మిక్కిలి తగ్గిపోయినట్లు తేలెను.

తెల్లకణములను అణచు పదార్థము, తెల్లకణములు హద్దుమీరి పెరుగు రోగమున మందు కాగలదు గదా యను ఆలోచన అచ్చటినుండి బయలుదేరెను. అట్లు వెలువడినవే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అను ఔషధములు. మొక్క పాత పేరైన వింకా ఆ పేర్లలో నేటికిని నిలిచియున్నది. కణము రెండుగా చీలునప్పుడు దానికి ఆధారమగు సన్నని నాళికలు ఏర్పడకుండ ఇవి అడ్డుకొనును. కనుక కణము చీలలేక నశించును. 1963లో అమెరికా ప్రభుత్వ ఆమోదము పొందిన విన్‌క్రిస్టిన్, పిల్లలకు వచ్చు ల్యుకేమియా అను రక్తపు క్యాన్సరు చికిత్సలో ఇతర ఔషధములతో పాటు నేటికిని వాడబడుచున్నది. ఒకనాడు ఆశ లేని ఆ వ్యాధినుండి నేడు సకాలమున తగిన వైద్యము దొరకిన పిల్లలలో పెక్కుమంది కోలుకొనుచున్నారు. ఆకులో ఈ పదార్థములు అత్యల్పముగా నుండుటచే ఒక్క గ్రాము మందునకు వందల కిలోల ఎండుటాకు కావలసివచ్చును. తమిళనాడులోని మెట్టభూములలో రైతులు దీనిని ఆకు కొరకు, వేరు కొరకు పంటగా పండించుటకు ఇదియే కారణము. వేరునుండి లభించు అజ్మలిసిన్ రక్తపుపోటు, రక్తప్రసరణ సంబంధమైన మందులలో వాడబడినది.

ఈ చరిత్రలోనే మనకు హెచ్చరిక కలదు. ఏ గుణము వైద్యుని చేతిలో తూచి యిచ్చిన మందైనదో, ఆ గుణమే కొలత లేక నమలిన ఆకులో విషము. ఏ ఆకులో ఆ పదార్థములు ఎంత యున్నవో కంటితో చూచి చెప్పజాలము. వాంతులు, నరముల బలహీనత, రక్తకణముల తగ్గుదల కలుగవచ్చును. గర్భవతులకు ఇది మరింత అపాయకరము. మధుమేహము గలవారు దీనిని నమ్ముకొని వైద్యుడిచ్చిన మందు మానుట రెండవ అపాయము. ఇంటిలోని పెద్దలకు ఈ మాట మెల్లగా, గౌరవముగా చెప్పి ఒప్పించు బాధ్యత చదువుకొన్న పిల్లలది. పసిపిల్లలు ఆకులను, కాయలను నోట పెట్టుకొనకుండ చూడవలెను. కొమ్మలు కత్తిరించిన పిమ్మట చేతులు కడుగుకొనవలెను. మడి ప్రక్కనే ఆకుకూరలను పెంచరాదు. ఎవరైనను పొరపాటున తిన్నచో గృహవైద్యములతో కాలము గడపక, ఆ కొమ్మను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్ళవలెను.

ఇంత చెప్పుట మొక్కను చూచి భయపడుటకు కాదు. గన్నేరు విషమని యెరిగియు మనము దానిని దేవుని పూజకు పెంచుకొనుట లేదా? బిళ్ళగన్నేరును కూడ అట్లే ఎరిగి పెంచుకొందము. పశువులు సాధారణముగా దీనికి మూతి పెట్టవు. కంచె లేని ముంగిలికి అదియొక సదుపాయము. ఈ ఏప్రిల్‌లో ఒక కుండీలో గుప్పెడు ఇసుకతో చిటికెడు విత్తు చల్లినచో, దసరా నాటికి మీ ముంగిట మట్టి కనబడకుండ పూలు పరచుకొనును.