చివరి మెట్టు మీద చేజారే బేరం
చిన్న ఆన్‌లైన్ దుకాణంలో చెకౌట్ లెక్కలు

ఆన్‌లైన్ దుకాణంలో వంద మంది సరుకు బుట్టలో వేసుకుంటే, దాదాపు 70 మంది డబ్బు కట్టకుండానే వెళ్లిపోతున్నారు. డెన్మార్క్‌కు చెందిన బేమార్డ్ పరిశోధన సంస్థ యాభై దాకా అధ్యయనాలను కలిపి తేల్చిన సగటు ఇది. ఈ బాధ పెద్ద కంపెనీలకూ ఉంది. కాకపోతే వెళ్లిపోయినవారిని వెనక్కి రప్పించడానికి వాళ్లు ప్రకటనల మీద కోట్లు పోయగలరు. అంత స్తోమత లేని చిన్న దుకాణం తన చేతిలో ఉన్న చోటే, అంటే డబ్బు కట్టే పేజీలోనే, పని చక్కబెట్టుకోవాలి.

ఏ అంకె చూడాలి?

ములుగు జిల్లా ఏటూరునాగారంలో అడవి తేనె, చింతపండు, కుంకుడుకాయలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం ఒకటి ఉందనుకుందాం. లెక్క తెలియడానికి ఊహించిన అంకెలివి. నెలలో 1,000 మంది దుకాణం చూశారు. 80 మంది సరుకు బుట్టలో వేసుకున్నారు. 40 మంది చెకౌట్‌లోకి, అంటే చిరునామా రాసి డబ్బు కట్టే పేజీలోకి వెళ్లారు. చివరికి 24 మంది కట్టారు.

బుట్ట నుంచి లెక్కిస్తే 80 మందిలో 56 మంది పోయారు. అది 70 శాతం. చెకౌట్ నుంచి లెక్కిస్తే 40 మందిలో 16 మంది పోయారు. ఇది 40 శాతం. రెండో అంకెనే పట్టించుకోవాలి. బుట్ట దగ్గరే ఆగిన 40 మందిలో చాలామంది ధర తెలుసుకుందామనో, జీతం వచ్చాక చూద్దామనో వచ్చినవాళ్లు. వాళ్ల వెంటపడి ప్రయోజనం తక్కువ. చెకౌట్‌లో ఆగిన 16 మంది అలా కాదు. పేరూ ఊరూ రాయడానికి సిద్ధపడ్డారంటే కొనడానికే వచ్చారు. ఏదో ఒకటి అడ్డు తగిలి వెనుదిరిగారు.

ఆ 16 మందిలో నలుగురిని నిలుపుకున్నా ఆర్డర్లు 24 నుంచి 28కి చేరతాయి. దాదాపు 17 శాతం పెరుగుదల. ఒక్కో మనిషిని దుకాణం దాకా రప్పించడానికి ప్రకటనకు రూ.5 అవుతోందనుకుంటే, నెల ఖర్చు రూ.5,000. ఇప్పుడు ఒక్కో ఆర్డరు మీద పడుతున్న ప్రకటన భారం రూ.208. నలుగురు నిలిస్తే అది రూ.179కి దిగుతుంది. అవే నాలుగు ఆర్డర్లు ప్రకటనలతో తెచ్చుకోవాలంటే ఇంకో 167 మంది రావాలి, ప్రతి నెలా మరో రూ.835 పోవాలి. చెకౌట్ పేజీని సరిచేసే పని మాత్రం ఒక్కసారే.

ఎందుకు వెనుదిరుగుతారు?

బేమార్డ్ 2024లో అమెరికా కొనుగోలుదారులను ఇదే అడిగింది. ఊరికే చూడ్డానికి వచ్చామన్నవారిని పక్కనపెట్టి, మిగిలినవారి కారణాలు లెక్కించింది. ఒకరు ఒకటికి మించి కారణాలు చెప్పవచ్చు కాబట్టి మొత్తం వందకు మించుతుంది. డెలివరీ, పన్నులు, ఇతర రుసుములు ఎక్కువన్నవారు 48 శాతం. ఖాతా తెరవమన్నారని వదిలేసినవారు 26 శాతం. కార్డు వివరాలు ఇవ్వడానికి నమ్మకం కుదరలేదన్నవారు 25 శాతం. సరుకు ఆలస్యంగా వస్తుందని మానుకున్నవారు 23 శాతం. చెకౌట్ మరీ పొడుగ్గా, గజిబిజిగా ఉందన్నవారు 22 శాతం. మొత్తం ఎంతవుతుందో ముందుగా తెలియలేదన్నవారు 21 శాతం.

మొదటి కారణాన్నీ చివరి కారణాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే చోట తగులుతున్నాయి. రూ.300 అని చూసి తేనె సీసా ఎంచుకున్న మనిషికి చివరి పేజీలో డెలివరీ రూ.80, క్యాష్ ఆన్ డెలివరీ రుసుము రూ.30 కలిసి రూ.410 కనిపిస్తుంది. ఒక్క పేజీ తేడాలో ధర 37 శాతం పెరిగింది. సంతలో బేరం కుదిరి, డబ్బు తీసే వేళకు తూకం కూలి, సంచి ఖర్చు అంటూ మొదలుపెడితే ఎవరైనా సరుకు అక్కడే వదిలి పక్క దుకాణానికి నడుస్తారు. ఇక్కడ పక్క దుకాణం వేలి కొసన ఉంటుంది.

మేడారం, భద్రాచలం చెబుతున్న పాఠం

ఒకే ధర చెప్పి ఇంటికి చేర్చే పద్ధతికి ఏటూరునాగారం పక్క మండలంలోనే ఉదాహరణ ఉంది. 2024 ఫిబ్రవరిలో తాడ్వాయి మండలం మేడారంలో సమ్మక్క-సారలమ్మ జాతర జరిగినప్పుడు, రాలేనివారికి ఆర్టీసీ ప్రసాదం ఇంటికి పంపింది. ధర రూ.299. ప్రసాదానికి ఇంత, దూరానికి ఇంత అని విడగొట్టి చెప్పలేదు.

భద్రాచలం లెక్క ఇంకా వివరంగా ఉంది. శ్రీరామనవమి తలంబ్రాలను 2022లో ఆర్టీసీ కార్గో రూ.80కి ఇంటికి చేర్చింది. 88,704 మంది తెప్పించుకున్నారు. ఆదాయం దాదాపు రూ.71 లక్షలు. మరుసటి ఏడాది ధర రూ.116 అయింది. అంటే 45 శాతం ఎక్కువ. తెప్పించుకున్నవారు తగ్గలేదు సరికదా, సుమారు 1.17 లక్షలకు పెరిగారు. ఇది 32 శాతం పెరుగుదల. 2024లో ధర రూ.151కి చేరింది.

తలంబ్రాల మీద భక్తి వేరు, తేనె సీసా మీద ఇష్టం వేరు. రెండో ఏడాదికి ఆ సేవ సంగతి ఎక్కువమందికి తెలిసింది కూడా. అవన్నీ తీసేసినా ఒకటి మిగులుతుంది. మొదటే చెప్పిన ధర పెద్దదైనా జనం ఒప్పుకుంటారు. చివర్లో పెరిగితేనే మనసు విరుగుతుంది.

కాబట్టి తేనె సీసా మీద మొదటి పేజీలోనే ‘రూ.380, ఇంటికి చేర్చడంతో సహా’ అని రాయడం మేలు. హైదరాబాద్ పార్సిలుకు రూ.60, ఢిల్లీ పార్సిలుకు రూ.100 అవుతుంటే, రెండు వైపులా ఆర్డర్లు సమానమైతే సగటు రూ.80. ఒకచోట రూ.20 మిగిలితే ఇంకోచోట పోతుంది. దూరపు ఆర్డర్లు బాగా పెరిగితే మూడు నెలలకోసారి ఆ సగటును సవరించుకోవాలి.

‘ఉచిత డెలివరీ’ ఎక్కడి నుంచి?

డెలివరీని ధరలో కలపకుండా విడిగా తీసుకునే దుకాణమైతే, ఉచితమన్న మాట కొనుగోలుదారును నిలుపుతుంది. లెక్క తప్పితే దుకాణాన్ని ముంచుతుంది. సగటు ఆర్డరు రూ.450, అందులో మిగులు 35 శాతం అనుకుందాం. డెలివరీ ఖర్చు కొనేవారే భరిస్తే దుకాణానికి రూ.157 మిగులుతుంది. అదే ఆర్డరుకు రూ.90 డెలివరీని దుకాణం భరిస్తే మిగిలేది రూ.67. ఆర్డర్లు రెట్టింపైనా ఆ లోటు పూడదు.

మరి హద్దు ఎంత పెట్టాలి? పెద్ద ఆర్డరుకు బరువు పెరిగి డెలివరీ రూ.115 అవుతుందనుకోండి. పాత మిగులు రూ.157కు ఈ రూ.115 కలిపితే రూ.272. దాన్ని 0.35తో భాగిస్తే సుమారు రూ.777. అంటే ‘రూ.799 పైన డెలివరీ ఉచితం’ అనవచ్చు. అప్పుడు మిగులు రూ.165. హద్దును పెద్ద కంపెనీని చూసి పెట్టకూడదు. మన మిగులు, మన పార్సిలు బరువు చూసి పెట్టాలి.

గడులు తగ్గించండి

2024లో సగటు చెకౌట్ పేజీలో నింపాల్సిన గడులు 11.3 అనీ, చాలా దుకాణాలకు 8 సరిపోతాయనీ బేమార్డ్ లెక్క. మన దగ్గర ఇంకా తగ్గించవచ్చు. పేరు, పదంకెల ఫోన్ నంబరు, ఆరంకెల పిన్ కోడ్, చిరునామా, గుర్తు. ఇంతే.

‘జిల్లా’ గడి ఎందుకు తీసేయాలో ఏటూరునాగారం వాసులకు వేరే చెప్పనక్కర్లేదు. 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లా, ఆ రోజు నుంచి జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు. రెండున్నరేళ్లు తిరగకముందే ఊరి జిల్లా రెండుసార్లు మారింది. తెలంగాణ జిల్లాలు 10 నుంచి 33 అయ్యాయి. పాత జాబితాతో నడిచే పేజీలో తన జిల్లా పేరు కనపడని మనిషి, పార్సిలు వస్తుందో రాదో అని అక్కడే ఆగిపోతాడు. 1972 నుంచి వాడుకలో ఉన్న పిన్ కోడ్ ఒక్కటి రాస్తే జిల్లా, రాష్ట్రం వాటంతటవే పడేలా చేయవచ్చు. ‘ఇంటి నంబరు’ను తప్పనిసరి చేయకుండా ‘బడి ఎదురుగా’, ‘గ్రామ పంచాయతీ పక్కన’ అని రాసుకునే చోటు ఇవ్వాలి.

ఖాతా తెరిస్తేనే అమ్ముతామనడం మరో అడ్డంకి. అమెరికా నిపుణుడు జారెడ్ స్పూల్ 2009లో రాసిన ఒక దుకాణం కథ ఈ రంగంలో అందరికీ తెలిసిందే. ‘రిజిస్టర్’ బటన్ తీసేసి ‘కంటిన్యూ’ అని పెట్టి, కొనడానికి ఖాతా అక్కర్లేదని ఒక వాక్యం రాశారు. కొనేవారు 45 శాతం పెరిగారు, మొదటి ఏడాదిలోనే అమ్మకాలు 30 కోట్ల డాలర్లు పెరిగాయి. చిన్న దుకాణానికి కోట్లు రాకపోవచ్చు కానీ, మార్చాల్సింది ఆ ఒక్క వాక్యమే.

డబ్బు కట్టే చోట

యూపీఐ చెల్లింపుపై వ్యాపారి నుంచి కోసుకునే రుసుము (ఎండీఆర్) 2020 జనవరి నుంచి లేదు. కార్డు చెల్లింపుల మీద, వాటిని నడిపే గేట్‌వే సంస్థను బట్టి సుమారు 2 శాతం పోతుంది. అందుకే యూపీఐని మొదట చూపాలి. ఫోన్‌లో కొంటున్నవారికి నొక్కగానే వారి యూపీఐ యాప్ తెరుచుకోవాలి, కంప్యూటర్‌లో చూస్తున్నవారికి క్యూఆర్ కోడ్ కనిపించాలి.

ఖాతాలో డబ్బు తెగి, దుకాణానికి మాత్రం చేరలేదన్న భయం చాలామందిది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఆదేశాల ప్రకారం అలాంటి యూపీఐ చెల్లింపు ఐదు రోజుల్లోపు వెనక్కి రావాలి, ఆపై ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం. ఈ ఒక్క ముక్క చెల్లింపు పేజీలో తెలుగులో రాస్తే సగం బెదురు తీరుతుంది. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు కార్డు నంబర్లు దాచుకోకూడదు. అదీ రాయండి. ఆహార పదార్థాలు అమ్మేవారు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, మాట్లాడే మనిషి ఉన్న ఫోన్ నంబరు అదే పేజీలో పెట్టాలి.

క్యాష్ ఆన్ డెలివరీని ఒక్కసారిగా తీసేస్తే కొత్తవాళ్లు రారు. ఉంచితే పార్సిళ్లు తిరిగొస్తాయి. వంద పంపితే 25 వెనక్కి వచ్చాయనుకోండి. రానూపోనూ ఒక్కోదానికి రూ.140 చొప్పున రూ.3,500 నష్టం. తీసుకున్న 75 ఆర్డర్ల మీద పంచితే ఒక్కోదానికి రూ.47. కాబట్టి క్యాష్‌కు అదనపు రుసుము వేసి బెదరగొట్టే బదులు, ముందే కట్టినవారికి రూ.40 తగ్గిస్తే ఇద్దరికీ లాభమే.

చెప్పిన తేదీకి

ఏటూరునాగారం నుంచి హైదరాబాద్ సుమారు 250 కిలోమీటర్లు. ‘3-7 రోజులు’ అని రాయడం కన్నా పిన్ కోడ్ చూసి ‘శుక్రవారం లోపు’ అని చెప్పడం మంచిది. వానాకాలంలో ఒక రోజు కలిపి చెప్పాలి. 2023 జులై చివర్లో ఇదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి రోజుల్లో ‘దారులు మూసుకున్నాయి, నాలుగు రోజులు ఆలస్యం’ అని మొదటి పేజీలోనే పెడితే కొందరు ఆగుతారు. కొన్నవారు మాత్రం తిట్టుకోరు, మళ్లీ వస్తారు.

గుర్తుచేయడానికీ హద్దుంది

మధ్యలో వదిలేసినవారికి వాట్సాప్‌లో ఒక సందేశం గంటలోపు, ఇంకొకటి మరుసటి రోజు. అంతకు మించితే నంబరు బ్లాక్ చేస్తారు. ఆ రెండూ అయినా వారు అనుమతి ఇచ్చి ఉంటేనే. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కొనుగోలుకు సమ్మతిని ముందే టిక్కు పెట్టిన గడితో నమోదు చేయకూడదు. సందేశాల అనుమతికీ అదే పద్ధతి పాటించడం మేలు. అన్ని రుసుములూ కలిపిన మొత్తం ధరను ఒకే అంకెగా, విడివిడి లెక్కతో చూపాలన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

2023 నవంబరు 30న కేంద్రం 13 రకాల మోసపు ఎత్తుగడలను నిషేధించింది. అడగకుండా బుట్టలో వస్తువు కలపడం, ధరను మెల్లమెల్లగా బయటపెట్టడం, ‘ఇంకా రెండే మిగిలాయి’ అంటూ అబద్ధపు తొందర పెట్టడం వాటిలో ఉన్నాయి.

చిన్న అంకెలతో జాగ్రత్త

ఈ మార్పులు చేశాక మరుసటి నెల 40 మందిలో 28 మంది కట్టారని సంబరపడవద్దు, 21 మందే కట్టారని నీరసపడవద్దు. అసలు రేటు 60 శాతమే అయినా, 40 మంది లెక్కలో అది యాదృచ్ఛికంగా 45 నుంచి 75 శాతం దాకా ఊగగలదు. రెండు రకాల పేజీలను పోటీ పెట్టి 60 శాతానికి, 70 శాతానికి మధ్య తేడాను గట్టిగా తేల్చాలంటే ఒక్కో వైపు సుమారు 350 మంది కావాలి. నెలకు 40 మంది చెకౌట్ దాకా వచ్చే దుకాణానికి అది ఏడాదిన్నర పని. ఆ పరీక్షలు పెద్ద కంపెనీలకు వదిలేయండి. చిన్న దుకాణానికి వారికి లేని సౌలభ్యం ఒకటుంది. నెలకు ఆగిపోయేది 16 మందే. వారిలో ఫోన్ చేయడానికి ఒప్పుకున్న ఐదారుగురిని ‘ఎక్కడ ఇబ్బంది పడ్డారండీ?’ అని అడిగితే చాలు.

ఈ వారంలోనే ఓ పని చేయండి. మీ దుకాణంలో మీరే, పాతబడిన ఫోన్‌తో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట నిలబడి, కొత్తవారిలా ఒక ఆర్డరు పెట్టి డబ్బు కట్టండి. మొదటి పేజీలో చూసిన ధర, చివరి పేజీలో కట్టిన డబ్బు ఒకటి కాకపోతే, ప్రకటనల ఖర్చు ఆపి ముందు దాన్ని సరిచేయండి. మిగిలినవన్నీ దాని తర్వాతే.