'బోరు పడింది' అంది మా నానీ

అమెరికాలో ఉన్న మా ఖాలా కొడుకు మొన్న ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు నుంచి వీడియో కాల్ చేశాడు. పొద్దున్నే గ్రాండ్ టీటన్ పార్కు చూసుకుని, కారులో పైకి వచ్చి ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ముందు కూర్చున్నారు. ఉన్నట్టుండి నీళ్లు ఎగజిమ్మాయి. కంబదూరులో ఫోన్ చూస్తున్న నానీ "యా అల్లా, బోరు పడింది!" అనేసింది.

మన బోరు దగ్గర నీళ్లు లేచేది రిగ్గు కంప్రెసర్ గాలికి. గాలి ఆపితే అయిపోయింది. అక్కడ కంప్రెసర్ పని భూమి లోపలి వేడి చేస్తుంది. కిందికి ఇంకిన వాన నీళ్లు, మంచు నీళ్లు ఆ వేడికి కాగుతాయి. పైకి వచ్చే దారి ఇరుకు, మీద నీళ్ల బరువు. దాంతో 100 డిగ్రీలు దాటినా ఆవిరి కావు. పైన కాస్త పొర్లి బరువు తగ్గగానే, కింది నీళ్లు ఒక్కసారిగా ఆవిరై 30 నుంచి 55 మీటర్ల దాకా చిమ్ముతాయి. సుమారు గంటన్నరకోసారి ఇదే తంతు. మన కింద ఉన్నది ఎప్పుడో చల్లారిపోయిన గ్రానైటు. ఎంత లోతు దించినా గీజర్ రాదు, మామూలు నీళ్లు పడితే అదే పదివేలు.

పిల్లలతో వెళ్లేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. చెక్కబాట దిగొద్దు. నేల గట్టిగానే కనిపిస్తుంది, కానీ పైన పల్చటి పొర, కింద మరిగే నీళ్లు. 2016లో నోరిస్ దగ్గర బాట దిగిన 23 ఏళ్ల కుర్రాడు వేడి గుంటలో పడి చనిపోయాడు. వజూకి కూడా ఆ నీళ్ల జోలికి పోకండి, సీసా నీళ్లు దగ్గర పెట్టుకోండి. అడవిదున్నలకు 25 గజాలు, ఎలుగుబంట్లకు 100 గజాలు ఎడంగా ఉండాలి.

ఇదంతా చెప్పినా నానీ అడిగింది ఒకటే: "ఎన్నించుల నీళ్లు రా?" ఒక్కో చిమ్ముకు 14 వేల నుంచి 32 వేల లీటర్లు నానీ, అన్నాను.