బొగ్గు నేలలో సాగుభూమికి ఉన్న రక్షణ ఎంత?

గోదావరి లోయలో బొగ్గు పొరలు విస్తరించి ఉన్న రామగుండం, గోదావరిఖని పరిసరాలకు మరొక గుర్తింపు కూడా ఉంది. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ నీటితో వరి పండే పొలాలు, పత్తి వేసే చెలకలు నేటి పెద్దపల్లి జిల్లా బతుకుకు ఆధారం. నేల పైభాగం రైతుకు పంటనిస్తుంది, అడుగుభాగం రాష్ట్రానికి కరెంటునిస్తుంది. ఈ రెండు ప్రయోజనాలు ఒకే సర్వే నంబరులో ఎదురుపడినప్పుడు ఎవరి మాట చెల్లుతుందో నిర్ణయించే చట్టాలు అనేకం ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం పొలం పోయాక రైతుకు ఏమివ్వాలో చెబుతాయే తప్ప పొలం పోకుండా ఆపే అధికారాన్ని ఊరికి ఇవ్వవు. బొగ్గు ప్రాంతపు గ్రామాలు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

రెండు వైపుల నుంచి ఒత్తిడి

1920 డిసెంబరు 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. ఒకప్పుడు ఈ ప్రాంతంలో బొగ్గు ప్రధానంగా భూగర్భ గనుల నుంచే వచ్చేది. భూగర్భ గనిలో స్తంభాలుగా వదిలిన బొగ్గును కూడా తీసి పైకప్పును కూలనిచ్చినప్పుడు పైన ఉన్న నేల కుంగి చెలకలో పగుళ్లు రావచ్చు గానీ పొలం పొలంగానే మిగిలే అవకాశం కొంత ఉండేది. ఓపెన్ కాస్ట్ పద్ధతిలో ఆ అవకాశం లేదు. బొగ్గు పొర మీద ఉన్న మట్టిని, రాతిని మొత్తంగా తవ్వి డంపర్లతో తరలించి మరోచోట గుట్టలుగా పోస్తారు. ఓవర్ బర్డెన్ అనే ఈ మట్టిని స్థానికులు ఓబీ అని పిలుస్తారు. అందువల్ల బొగ్గు తీసే గుంతకు కొంత భూమి, ఓబీ గుట్టలకు మరికొంత భూమి కావాలి. గని లోతు పెరిగేకొద్దీ లోపల ఊరే నీటిని నిరంతరం తోడిపోయవలసి రావడంతో, పక్కనున్న బావుల్లో నీరు అడుగంటుతుందన్న ఆందోళన రైతుల్లో బలంగా ఉంటుంది. రామగిరి మండలంలో ఓపెన్ కాస్ట్ గని అంచున ఉన్న లద్నాపూర్ వంటి గ్రామాలకు భూసేకరణ, పునరావాసం అనేవి ఏళ్ల తరబడి నలిగిన సమస్యలు.

రెండో ఒత్తిడి ఇంత గట్టిగా వినిపించదు. సింగరేణి, ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం చుట్టూ పెరిగిన పట్టణంలో ఇంటి స్థలాలకు గిరాకీ ఉంది కనుక, రోడ్డు పక్కనున్న పొలం హద్దురాళ్లు పాతుకుని వెంచర్‌గా మారుతుంది. గని కోసం భూమి తీసుకునేటప్పుడు నోటీసు, విచారణ, అభ్యంతరం అనే దశలైనా ఉంటాయి. ప్లాట్ల విషయంలో పట్టాదారు, కొనుగోలుదారు, రెవెన్యూ కార్యాలయం మాత్రమే రంగంలో ఉంటారు, ఊరికి తెలిసేనాటికి మార్పు జరిగిపోయి ఉంటుంది.

నాలా మార్పిడి చేసే పని

సాగుభూమిని ఇంటికో, దుకాణానికో, కర్మాగారానికో వాడుకోవాలంటే ముందుగా రెవెన్యూ అధికారి అనుమతి పొందాలని 2006లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన వ్యవసాయ భూముల మార్పిడి చట్టం చెబుతుంది. తెలంగాణ కూడా దీన్నే స్వీకరించింది. అంతకుముందు అమల్లో ఉన్న 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం రద్దయినా, దాని ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలైన నాలా అన్న మాట మాత్రం వాడుకలో నిలిచిపోయింది. భూమి మూల విలువలో కొంత శాతాన్ని మార్పిడి పన్నుగా కట్టాలి, అనుమతి లేకుండా మార్చితే దానిపై జరిమానా పడుతుంది. 2020లో ధరణి పోర్టల్ రావడంతో దరఖాస్తు, చెల్లింపు ఆన్‌లైన్‌లోకి మారాయి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది.

ఈ ఏర్పాటు రికార్డును సరిచేస్తుంది, ఖజానాకు ఆదాయం తెస్తుంది. అయితే ఆ నేల రెండు పంటలు పండే తరి భూమా, కాలువ ఆయకట్టులో ఉందా, చుట్టుపక్కల పొలాలకు నీరు దాని మీదుగానే పారుతుందా అన్న ప్రశ్నలకు ఈ ప్రక్రియలో నిర్ణాయకమైన స్థానం లేదు. మార్పిడి తరువాత వచ్చే లేఅవుట్ దశలో రోడ్ల వెడల్పు, ఖాళీ స్థలం, మురుగు కాలువ వంటివాటిని చూస్తారు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2019 నాటి మున్సిపాలిటీల చట్టం అనుమతి లేని లేఅవుట్ల మీద కఠినంగానే మాట్లాడాయి. అయినా 2020 ఆగస్టు 31న వెలువడిన జీవో 131 అప్పటికే వెలసిన అనధికార ప్లాట్లను రుసుముతో క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్‌కు దారి తెరిచింది. ప్లాటు కొన్న సామాన్యుడికి అది ఊరట కావచ్చు గానీ, నిబంధన దాటినా చివరికి డబ్బు కట్టి బయటపడవచ్చన్న నమ్మకం బలపడితే పంటపొలానికి ఆ నిబంధన కంచెగా నిలబడదు.

గని కోసం భూమి తీసుకునే చట్టాలు

2013 నాటి భూసేకరణ చట్టంలోని 10వ సెక్షన్ ఆహార భద్రతను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఒకటికి మించి పంటలు పండే సాగునీటి భూమిని, మరో మార్గం లేనప్పుడు తప్ప, సేకరించరాదని అది చెబుతుంది. తప్పనిసరై సేకరిస్తే అంతే విస్తీర్ణంలో బీడు భూమిని సాగులోకి తేవాలి, లేదా ఆ భూమి విలువకు సమానమైన మొత్తాన్ని వ్యవసాయాభివృద్ధికి జమ చేయాలి. ఈ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా జరిపేటప్పుడు పంచాయతీని లేదా మున్సిపాలిటీని సంప్రదించాలి. కౌలు రైతులూ వ్యవసాయ కూలీలూ సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదే ప్రధానంగా ఆధారపడి బతుకుతూ ఉంటే, వారిని కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించాలి.

అయితే 1957 నాటి బొగ్గు ప్రాంతాల సేకరణ చట్టం ఈ పరిధికి బయట ఉంది. ప్రభుత్వ బొగ్గు కంపెనీల కోసం కేంద్రం భూమి తీసుకునే ఆ చట్టంలో, సేకరణ ఉద్దేశాన్ని తెలిపే 7వ సెక్షన్ నోటిఫికేషన్ వెలువడిన 30 రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోవచ్చు, ఆ తరువాత ప్రకటనతో భూమి ప్రభుత్వపరమవుతుంది. 2015లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో పరిహారం, పునరావాసం విషయాల్లో 2013 చట్టపు మెరుగైన ప్రమాణాలు దీనికీ వర్తించాయి. రైతుకు అది నిజమైన మేలే. కానీ పంటభూమిని చివరి మార్గంగానే ముట్టుకోవాలన్న 10వ సెక్షన్ రక్షణ మాత్రం దానితో పాటు రాలేదు. 2013 చట్టం కిందనే సేకరించినా, ప్రభుత్వ సంస్థ తన సొంత ప్రాజెక్టుకు తీసుకునే భూమికి రైతుల ముందస్తు సమ్మతి అవసరం లేదు. దీనికి తోడు 2017లో వచ్చిన తెలంగాణ సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచీ ఆహార భద్రత నిబంధన నుంచీ మినహాయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి కట్టబెట్టింది.

ఊరి గొంతు అధికారికంగా నమోదయ్యే ముఖ్యమైన వేదిక పర్యావరణ అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి దీన్ని నిర్వహిస్తుంది, కలెక్టరు గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సభలో వచ్చిన అభిప్రాయాలను చివర స్థానిక భాషలో చదివి వినిపించాలి. అయితే ఇందులో ఓటింగు ఉండదు. ఎందరు వద్దన్నారన్న లెక్కను బట్టి గని ఆగదు, లేవనెత్తిన అభ్యంతరానికి కంపెనీ ఇచ్చిన జవాబును నిపుణుల కమిటీ తూచి చూస్తుంది.

ఈ లోటుకు మూలం రాజ్యాంగ సవరణల్లోనూ కనిపిస్తుంది. మున్సిపాలిటీలకు అప్పగించదగిన అంశాలను చెప్పే పన్నెండో షెడ్యూలులో భూ వినియోగ నియంత్రణ స్పష్టంగా ఉంది. పంచాయతీలకు సంబంధించిన పదకొండో షెడ్యూలులో భూమి అభివృద్ధి, భూసార సంరక్షణ ఉన్నాయే గానీ భూ వినియోగ నియంత్రణ లేదు. పొలాలన్నీ ఊళ్లలో ఉండగా, ఏ నేలను ఎందుకు వాడాలో తేల్చే అంశం పట్టణాల జాబితాలో చేరింది.

మరోచోట ఏం చేశారు

కేరళ 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల సంరక్షణ చట్టం తెచ్చింది. ఏ పొలం వరి భూమో సర్వే నంబర్లతో సహా డేటా బ్యాంకుగా ప్రచురించాలని, పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయాధికారి, గ్రామాధికారి, ముగ్గురు రైతు ప్రతినిధులతో స్థానిక పర్యవేక్షణ కమిటీ ఉండాలని అది నిర్దేశించింది. ఇల్లు లేని యజమాని సైతం పంచాయతీ ప్రాంతంలో పది సెంట్లకు మించి పూడ్చుకోవడానికి వీల్లేదు. తరువాతి సవరణలు ఈ చట్టాన్ని కొంత సడలించాయి, ప్రజా ప్రయోజనం పేరిట మినహాయింపులూ ఉన్నాయి. అయినా భూమి పేరు ముందే జాబితాకెక్కడం, నిర్ణయంలో రైతు కూర్చోవడం అనే రెండు సూత్రాలు విలువైనవి.

గనుల విషయంలో అమెరికా 1977లో చేసిన ఉపరితల గనుల చట్టం మరింత దగ్గరి పాఠం చెబుతుంది. మేలైన సాగుభూమిగా గుర్తించిన చోట తవ్వకం జరిపే కంపెనీ పైమట్టిని విడిగా తీసి భద్రపరచాలి, బొగ్గు తీశాక పొరల క్రమంలో తిరిగి పరచాలి. అదే తరహా పక్క పొలాలకు సమానమైన దిగుబడి వచ్చిందని రుజువైతేనే కంపెనీ కట్టిన హామీ సొమ్ము పూర్తిగా విడుదలవుతుంది. మన దేశంలో బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గని మూసివేత మార్గదర్శకాలు ఇచ్చింది, ఖర్చు కోసం ఎస్క్రో ఖాతాలో సొమ్ము జమ చేయించే పద్ధతి కూడా ఉంది. కానీ దిగుబడిని కొలమానంగా పెట్టే నియమం వాటిలో లేదు. ఓబీ గుట్ట మీద మొక్కలు నాటడం అవసరమైన పనే అయినా, వరి పండిన మడికి అది సాటి రాదు.

చేయవలసినది

ఇక్కడ కొత్తగా కనిపెట్టవలసినది పెద్దగా లేదు. కాలువ ఆయకట్టు రికార్డులు నీటిపారుదల శాఖ దగ్గర, పంట నమోదు వ్యవసాయ శాఖ దగ్గర, పట్టా వివరాలు రెవెన్యూ శాఖ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపి రెండు పంటల భూముల జాబితాను మండలాల వారీగా ప్రచురించి, అందులోని భూమికి నాలా మార్పిడి కోరితే వ్యవసాయాధికారి నివేదిక, గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేయడం రాష్ట్రం చేతిలో ఉన్న పని. పట్టణ, గ్రామ ప్రణాళికలను కలిపి నీరు, నేల వంటి వనరుల పంపకాన్ని చూడవలసిన జిల్లా ప్రణాళికా కమిటీని రాజ్యాంగంలోని 243 జడ్‌డీ అధికరణం ఏనాడో నిర్దేశించింది. ఓపెన్ కాస్ట్ గనుల అనుమతుల్లో పైమట్టి భద్రతను, తవ్వకం ముగిశాక సాగుయోగ్యతను షరతుగా చేర్చవచ్చు.

చట్టం మారేదాకా గ్రామాలు ఉన్న హక్కులను పూర్తిగా వాడుకోవాలి. అభ్యంతరాన్ని గడువులోగా సర్వే నంబరుతో, పంట వివరంతో, నీటి వనరుతో లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా నివేదిక తెలుగు సారాంశాన్ని ప్రజాభిప్రాయ సభకు ముందే చదివించుకోవాలి. కౌలు రైతుల, కూలీల పేర్లు బాధిత కుటుంబాల సర్వేలో నమోదయ్యేలా చూడాలి. బొగ్గు దేశానికి అవసరమే, ఆ అవసరానికి ఈ ప్రాంతం ఎన్నో ఏళ్లుగా తన భూమినీ శ్రమనూ ధారపోస్తోంది. కొన్ని దశాబ్దాల్లో అయిపోయే బొగ్గు కోసం తరతరాలు పండే నేలను వదులుకోవలసి వచ్చినప్పుడు, పరిహారం ఎంతన్న ప్రశ్న కంటే ముందు ఈ నేలే కావాలా అన్న ప్రశ్న రావాలి. ఆ ప్రశ్న అడిగే అధికారం ఊరికి చట్టబద్ధంగా దక్కడం న్యాయం.